ప్రమాదమను మాటకు రెండర్థములు

మన బరంపురమున మంచు కురియదు. పుష్యమాసపు తెల్లవారుజామున కొంత పొగమంచు పట్టును. కంధమాల్ కొండలలో దారింగబాడి వద్ద ఒక్కొక్క యేట గడ్డిపరకలపై తెల్లని పేరుడు కనబడును. దానిని చూచుటకు మనవారు కార్లు కట్టించుకొని, చెవులకు మఫ్లర్లు చుట్టుకొని పోయి, ఎండ రాగానే పకోడీలు తిని తిరిగివత్తురు. మంచుతో మనకున్న పరిచయము ఇంతమాత్రమే. అట్టివాడను మంచుచరియలను గూర్చి వ్రాయబూనుట చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. ఐనను వ్రాయక తీరని కారణమొకటి మా యింటనే పుట్టినది.

మా అప్ప కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. వానికి ఏడెనిమిదేండ్ల వయసున శివరాత్రి తిరునాళ్ళకు మహేంద్రగిరి చూపించినవాడను నేనే. ఆ కొండ యెత్తు 1501 మీటర్లు, అనగా అయిదువేల అడుగులకు కొంచెము తక్కువ. అది పూర్వము మన గంజాం జిల్లాలోనిది. 1992 అక్టోబరు 2వ తేదీన జిల్లాను విభజించినప్పటినుండి గజపతి జిల్లాలోనిది. భీముని గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి చూచి ఒక బండపై కూర్చుంటిమి. మబ్బులు మా కాళ్ళక్రిందుగా పోవుచుండెను. "ఇంతకన్నా పెద్ద కొండుందా మావయ్యా?" అని వాడడిగెను. "ఎందుకు లేదురా? హిమాలయాలున్నాయి. మన ఆదినాథస్వామి మోక్షం పొందిన అష్టాపదం అక్కడే ఉందంటారు" అని నేనే చెప్పితిని. పిల్లల చెవిని వేసిన మాట ఎప్పుడు ఎచ్చట మొలకెత్తునో వేసినవానికి తెలియదు.

వాడు పెద్దవాడై, పర్వతారోహణమున శిక్షణ పొంది, రెండు మూడు శిఖరములు ఎక్కెను. మొదటిమారు తిరిగివచ్చినప్పుడు స్టేషనులో దండ వేసితిమి. మంచులో జెండా పట్టుకొని నిలిచిన వాని పటమును అద్దము కట్టించి మా పట్టుబట్టల కొట్టులో గల్లాపెట్టెకు పైన తగిలించితిని. చీర కొనవచ్చినవారు అడుగకున్నను చూపించెడివాడను.

గత మాఘమాసమున వాడు ముగ్గురు స్నేహితులతో ఉత్తరాఖండమునకు శీతకాలపు ఆరోహణమునకై పోయెను. అచ్చట రెండు రాత్రులు ఎడతెగక మంచు కురిసినదట. మూడవనాటి ఉదయము ఆకాశము నీలముగ విచ్చినది. వెంట వచ్చిన స్థానికుడు, మూటలు మోయువాడు, వీరికన్న వయసున పెద్దవాడు, "ఈ రోజు కదలవద్దు బాబూ, రేపు పోదాము" అనెను. వీరికి సెలవు చాలదు. ఢిల్లీనుండి తిరుగు రైలుకు టిక్కెట్లు కొనియున్నవి. పని లేక గుడారములో కూర్చున్న దినమునకు ఆ మనిషికి కూలి ఎంత అనుమాట ముందుగా అనుకొననే లేదు. "వాతావరణం ఇంత బాగుంటే భయమేమిటి?" అని నలుగురిలో ఒకడనెను. బయలుదేరిరి. కొత్తమంచులో దారి తొక్కుటకు ఆయననే ముందు పంపిరి. ఒక వాలును ఆయన అడ్డముగ దాటుచుండగా, మావాడు ఆయన ఆవలి గట్టు చేరువరకు ఆగక, పైభాగమున తానును ఆ వాలులో అడుగుపెట్టెను. కాలిక్రింద డొల్లగా "ధుమ్" మని చప్పుడైనది. మంచు పలకగా పగిలి, ఆ పగులు వాలుకు అడ్డముగ పరుగెత్తినది. క్రిందనున్న మనిషితో కూడ వాలంతయు కదలినది. ఆయన మెడవరకు కూరుకొనిపోయెను. తల పైకి మిగులుటచేత బ్రతికెను. తవ్వి తీయునప్పటికి ఒక కాలు తొడ దగ్గర విరిగియుండెను.

వాడీ సంగతి మూడు నెలలు ఎవ్వరికిని చెప్పలేదు. అక్షయతృతీయకు ఇంటికి వచ్చి, రాత్రి భోజనములైన పిదప డాబాపై నా ప్రక్కన కూర్చుండి అంతయు చెప్పెను. చివర, "అది ప్రమాదమే గదా మావయ్యా?" అని అడిగెను.

"ప్రమాదమేరా" అంటిని. వానిని ఓదార్చవలెనని అంటిని. వాడు పడుకొనుటకు పోయెను. నాకు మాత్రము నిద్రపట్టలేదు. ఏలన, ఆ మాటకు రెండర్థములు కలవు.

మన తెలుగున ప్రమాదమనగా అపాయము. ఎవరి చేతిలోను లేనిది, అనుకొనకుండ వచ్చి మీద పడునది. బస్సు బోల్తాపడిన ప్రమాదమందుము. పత్రికలును అట్లే వ్రాయుచున్నవి. కాని సంస్కృతమున, విశేషించి మన శాస్త్రములయందు, ప్రమాదమనగా ఏమరుపాటు. చేయవలసిన జాగ్రత్తను చేయకుండుట. ఒకే మాట ఒక భాషలో మనిషిని నిర్దోషిని చేయుచున్నది, మరియొక భాషలో దోషిని చేయుచున్నది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున హింసకు లక్షణము చెప్పునప్పుడు ప్రాణము పోవుటను మాత్రమే చెప్పి ఊరకొనలేదు; ప్రమాదముతో కూడిన నడవడివలన ప్రాణము పోవుట హింస యని చెప్పెను. కుందకుందాచార్యులు మన తెలుగునేలవారు, అనంతపురము జిల్లా కొనకొండ్ల వారి ఊరని చెప్పుదురు. వారు ప్రవచనసారమున ఇంకొక అడుగు ముందుకు వేసిరి. జీవి చచ్చినను బ్రతికినను సరే, ఏమరి నడచువానికి హింసాదోషము నిశ్చయమనియు, జాగరూకుడై నడచువానికి కేవలము హాని జరిగినంతమాత్రమున కర్మబంధము లేదనియు వారి భావము. ఆ కొండమనిషి బ్రతికినాడు గదా యని మేము సంతోషించితిమి. ఆచార్యుల లెక్కలో ఆ సంతోషమునకు చోటు లేదు.

కాబట్టి ప్రశ్న ఇది: ఆనాడు విరిగినది కొండయా, మావాని జాగ్రత్తయా? దీనికి సమాధానము శాస్త్రగ్రంథములు తిరుగవేసిన మాత్రమున దొరకదు. మంచు ఎట్లు విరుగునో తెలిసికొనవలెను. మావాడు విడిచిపోయిన పుస్తకములు ముందు పెట్టుకొని వేసవి అంతయు చదివితిని. బరంపురపు వైశాఖపు ఎండలో, ఫంకా క్రింద చెమట తుడుచుకొనుచు మంచు విద్య నేర్చినవాడను నేనొక్కడనే యనుకొందును.

కొండపై మంచు ఒక్కమారుగ పడునది కాదు. పొరమీద పొరగా పడును. ప్రతి పొరకును దాని స్వభావము దానికుండును. చలికాలపు తొలినాళ్ళలో మంచు పలుచగా ఉన్నప్పుడు, నేల దగ్గర కొంత వెచ్చదనముండును, పైన గాలి కొరికివేయుచుండును. ఆ తేడావలన అడుగునుండి ఆవిరి పైకి లేచుచు, అడుగు పొరలోని మంచురవలు ఒకదానినొకటి పట్టుకొనుట మాని పంచదార పలుకులవలె విడివిడిగా నగును. తరువాత తుపాను వచ్చి రెండు మూడడుగుల కొత్తమంచు వేయును. గాలి దానిని ఒక ప్రక్కనుండి ఎత్తి మరియొక ప్రక్క వాలుపై అద్ది గట్టి పలకగా చేయును. పంచదార పరచి దానిపై బరువైన పలక పెట్టి పళ్ళెమును వంచినట్లు, అదంతయు ఊరక నిలిచియుండును. ఎండ కాయుచుండును. చూచుటకు ఇంతకన్న శాంతమైనది లోకమున లేదు.

ఎంత వాలుపై ఇది జరుగును? ముప్పది డిగ్రీల మొదలు నలుబదియైదు డిగ్రీల వరకు గల వాలులలోనే ఎక్కువ. అంతకన్న మిక్కిలి నిట్రమైన చోట మంచు నిలువకనే చిన్న చిన్న పాయలుగా రాలిపోవును. చదునైన చోట జారదు. మన ఇండ్లలో మేడమెట్లు ఇంచుమించు ముప్పదినుండి ముప్పదియైదు డిగ్రీల వాలున ఉండును. అనగా మనిషికి నడచుటకు అనువని తోచు వాలే మంచు జారుటకును అనువైన వాలు. నిన్న పదిమంది నడచిన అడుగుజాడలున్నవని ధైర్యపడరాదు. పదకొండవవాని అడుగు బలహీనమైన చోట పడినచో చాలును, పలక విరుగును. చలి మిక్కుటమైన మాసములలో ఆ పంచదారపొర త్వరగా గట్టిపడదు. వారముల తరబడి అట్లే పొంచియుండును. శీతకాలపు ఆరోహణమునకున్న ప్రత్యేకమైన భయము ఇదియే. కాలిక్రింద "ధుమ్" మని వినవచ్చు చప్పుడు ఆ పొర కూలుచున్న చప్పుడు. మావాడు దానిని వినెను. అప్పటికి ఆలస్యమైనది.

విరిగిన పలక కొన్ని క్షణములలో గంటకు నూరు కిలోమీటర్ల వేగమందుకొనగలదు. ఆగిన వెంటనే సిమెంటువలె బిగిసికొనును. లోపల చిక్కినవాడు తన వ్రేలు తాను కదల్చుకొనలేడు. మొదటి పది పదునైదు నిమిషములలో తీసిన యెడల చాలమంది బ్రతుకుదురు. అరగంట దాటిన పిమ్మట మూడింట ఒకవంతుకు మించి ఆశ లేదు. బయటినుండి సహాయము వచ్చుటకు గంటలు పట్టును గాన, వెంటనున్న నలుగురే దిక్కు. అందుకే ఒక్కొక్కరిగా దాటవలెనను నియమము. మిగిలినవారు క్షేమమైన చోట నిలిచి కన్నార్పక చూడవలెనను నియమము. మూటలో రేడియో బీకను, పొడవైన గుచ్చుకడ్డీ, పార ఉండవలెను. మావాని వద్ద ఈ మూడును ఉండెను. కొండమనిషి వద్ద ఏదియు లేదు. ఈ సంగతి వాడు రెండవమారు అడిగినప్పుడు గాని చెప్పలేదు.

ఇక అన్నిటికన్న నన్ను నిలువరించిన సంగతి. మంచుచరియలలో చిక్కిన ఆరోహకులను గూర్చి లెక్కలు చూచినవారందరు చెప్పుచున్నదేమనగా, పదింట తొమ్మిది చోట్ల చరియను విరిచినది చిక్కినవాడో, వాని జట్టులోనివాడో. కొండ తనంతట తాను విరిగి మీద పడుట అరుదు. భారీగా మంచు కురిసిన పిదప తొలి యిరువదినాలుగు గంటలు అత్యంతము అపాయకరమని మొదటి పాఠముననే చెప్పుదురు. చండీగఢ్‌లోని రక్షణశాఖవారి సంస్థ డి.జి.ఆర్.ఇ. హిమాలయ జిల్లాలకు చరియల హెచ్చరికలు ప్రకటించుచున్నది. అనగా మావాడు వినవలసిన హెచ్చరికలు అన్నియు ఉండెను: పుస్తకమున ఉండెను, సెల్‌ఫోనున ఉండెను, అన్నిటికన్న స్పష్టముగ ఆ ముసలిమనిషి నోట ఉండెను. వీటన్నిటికి ఎదురుగా నిలిచి గెలిచినది ఒక రైలు టిక్కెట్టు.

ఇంతవరకు నా న్యాయవిచారణ సుళువుగనే సాగినది. దోషి దొరికినాడు. కాని మన శాస్త్రములో దోషము ఒక్కనితో ఆగదు. కృతము, కారితము, అనుమోదితము అని మూడు విధములు చెప్పుదురు: తాను చేయుట, చేయించుట, చేసినదానికి సంతోషించి ఔననుట. చిన్నప్పుడు పాఠశాలలో ఎక్కముల వలె వల్లించిన మాటలివి. వాటిని ఒక మంచువాలుపై నిలిపి చూడవలసివచ్చునని తలంచలేదు.

చేయించుటను గూర్చి ఆలోచింపగా నాకు 2014వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ యేడు ఏప్రిల్ 18వ తేదీ ఉదయము ఎవరెస్టుకు దక్షిణమున ఖుంబూ హిమపాతమను చోట పైనుండి మంచుగడ్డలు విరిగిపడి పదునారుగురు చనిపోయిరి. పదునారుగురును నేపాలీ పనివారే. శిఖరము చేరగోరి రుసుము చెల్లించిన విదేశీయుడొక్కడును వారిలో లేడు. ఏలన, యజమానులు ఆ దారిని కొన్నిమార్లే దాటుదురు. నిచ్చెనలు, తాళ్ళు, గుడారములు, వంటసామానులు మోయువారు అనేకమార్లు దాటవలసియుండును. దోషమున చేయించినవాని పాలు అడుగుజాడల లెక్కలోనే కనబడుచున్నది. సరిగా ఆ యేడే మే 25వ తేదీన, అవతలిదైన టిబెట్టు వైపునుండి, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకనే ఎవరెస్టు చేరి తెలుగువారికందరకు పండుగ చేసినది. ఆమెతోపాటు ఆనందకుమారును ఎక్కినాడు. మనమందరము సంతోషించితిమి, నేను కొట్టులో మిఠాయి పంచితిని. ఆ పదునారుగురి వార్తను అదివరకే చదివి మరచియుంటిని.

ఇట్లనుటచేత పూర్ణ ఎక్కవలసినది కాదని నా అభిప్రాయమని తలంపకుడు. బీదయింట పుట్టి, ప్రభుత్వ గురుకుల పాఠశాలలో చదివిన గిరిజన బాలిక లోకమునకెల్ల పైని నిలుచుట చూచి, ఇంట కూర్చుండవలసినదమ్మా అనగల నాలుక నాకు లేదు. అసలు అపాయమున్నదని మంచిపని మానవలెనన్నచో మన పూర్వులు కాలినడకన సమ్మేదశిఖరమునకు పోయెడివారే కారు. నా విచారము వేరు. మన చప్పట్లను గూర్చి.

మల్లి మస్తాన్‌బాబు నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామమున పుట్టి, విజయనగరము దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. అదే పాఠశాల విద్యార్థి లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985లో సైనిక యాత్రలో ఎవరెస్టుపై మరణించెను. ఆయన కథయే మస్తాన్‌బాబుకు ప్రేరణమట. 2006లో ఏడు ఖండముల ఏడు శిఖరములను 172 దినములలో ఎక్కిన మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా పోయి తిరిగిరాలేదు. ఏప్రిల్ మొదటివారమున దేహము దొరకినది. మన ఒడిశా నుండి ఎవరెస్టు ఎక్కిన తొలి మహిళ కల్పనా దాశ్ 2008లో ఆ ఘనత సాధించి, పదునొకండేండ్లకు మరల అదే కొండ ఎక్కి, 2019 మే 23వ తేదీన దిగుచు ప్రాణము విడిచెను. వీరు ధీరులు. వీరియందు నాకు గౌరవమున్నది. ఐనను ఒకటి అడుగుదును: మనలో ఎవరైనను, శిఖరమునకు నూరు గజముల దూరమున వాతావరణము బాగులేదని వెనుదిరిగి వచ్చినవానికి ఎన్నడైనను స్టేషనులో దండ వేసితిమా? వాని పటమును కొట్టులో తగిలించితిమా? తిరుగు టిక్కెట్టు ఒక్కటే మావానిని తోసినదని నేననుకొనుట లేదు. గల్లాపెట్టెపైనున్న ఆ పటము కూడ తోసినది. అనుమోదనమన్నది ఇట్లుండునని నాకు ముసలితనమున అర్థమైనది.

ఇక్కడ నా న్యాయవిచారణకు ఒక పెద్ద ఆటంకము వచ్చినది. దానిని దాచుట ధర్మము కాదు. ఏమరుపాటు లేనిచోట కూడ కొండ విరుగును.

2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరకాశీ జిల్లా ద్రౌపదీ కా డాండా శిఖరముపై శిక్షణ పొందుచున్న జట్టును మంచుచరియ ముంచివేసినది. ఇరువదియేడు దేహములు దొరకినవి, ఇద్దరు దొరకనే లేదు. పోయినవారిలో శిక్షకురాలు సవితా కన్‌స్వాల్ ఉండెను. ఆ సంవత్సరము మే నెలలోనే ఎవరెస్టును, మకాలూను ఎక్కిన మనిషి. మంచును ఆమెకన్న ఎరిగినవారు మన దేశమున ఎందరుందురు? అక్కడ ఏమరుపాటు జరిగినదని బరంపురమున కూర్చుండి నేననజాలను. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికుల స్థావరముపై మంచుగోడ విరిగిపడినది. వారిలో ఒకడు మన కర్నూలు జిల్లావాడు. ఆరు దినముల తరువాత ప్రాణముతో దొరకిన హనుమంతప్ప కూడ 11వ తేదీన ఢిల్లీలో మరణించెను. 2025 ఫిబ్రవరి 28వ తేదీన బదరీనాథ్ దగ్గర మాణా గ్రామము చెంత రోడ్డు పనివారి బసపై చరియ పడి ఏబదినలుగురు చిక్కిరి. నలుబదియార్గురను బ్రతికించి తీసిరి, ఎనమండుగురు పోయిరి. వీరెవ్వరును శిఖరమునకు ఆశపడలేదు. ఉత్తరువు వచ్చినచోట కాపలా కాయుచున్నవారు, కూలి దొరకినచోట పని చేయుచున్నవారు.

అంతదూరము పోనేల? 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరము దాటిన తిత్లీ తుపాను మనకు తెలియనిది కాదు. ఆ వానకు గజపతి జిల్లా రాయగడ బ్లాకు, గంగాబాద పంచాయతీలోని బారఘర గ్రామస్థులు ఇండ్లు కూలునేమో యని జడిసి ఒక కొండగుహలో తలదాచుకొనిరి. కొండచరియ విరిగి ఆ గుహమీదనే పడెను. పన్నెండుమందికి తక్కువ కాకుండ చనిపోయిరి. మన ఖండగిరి, ఉదయగిరులయందు ఖారవేలుని కాలమున ముని జనులకు తొలిపించిన గుహలున్నవి. వానలో మనిషికి కొండకడుపుకన్న గట్టి ఆశ్రయము లేదని రెండువేల యేండ్లుగా ఈ దేశపు నమ్మకము. బారఘరవారు ఆ నమ్మకముతోనే పోయిరి. వారు చేయవలసిన జాగ్రత్త చేసిరి. అదే వారికి మృత్యువైనది. ఇది మొదటి అర్థమున ప్రమాదము. ఐనను కొండక్రింది పల్లెలలో ఏ వాలు జారునో ముందుగా చూచి గుర్తించి, తుపానుకు ముందే వారికొక సురక్షితమైన కప్పు చూపకుండుట రెండవ అర్థమున ప్రమాదము కాదా యని నా సందేహము. అది బారఘరవారి ఏమరుపాటు మాత్రము కాదు.

కాబట్టి తూకము వేయునప్పుడు నేను చూడవలసినది ఒకటి తోచుచున్నది. ఆ వాలుపై నిలుచుట ఎవరి ఇష్టము? మావాడు తన యిష్టముచే నిలిచెను. కాదనుటకు వానికి అన్నివిధముల వీలుండెను. ఆ కొండమనిషి వద్దని చెప్పియు నిలిచెను, ఏలన వద్దన్నచో నాటి కూలి పోవును. ఇష్టమున్నవాని ఏమరుపాటు, ఇష్టము లేనివాని కాలు విరిచినది. ఇందులో ఏది తగ్గించి చెప్పినను అబద్ధమగును.

మా అప్పతో ఈ మాట అనలేదు. బావగారితో అంటిని. ఆయన లెక్కల మాస్టారు. మాట సూటిగా ఉండును. "అయితే వాణ్ణి ఇంక వెళ్ళొద్దందాం, సరిపోతుంది గదా" అనెను. నేను బదులు చెప్పలేదు. వలదనుట మాకు సుళువు. వాడు మానుటయు కష్టము కాకపోవచ్చును. కాని మానినంతమాత్రమున వాడు జాగరూకుడగునా? ఏమరుపాటున్నవాడు హైదరాబాదు రోడ్డుపై మోటారుసైకిలు మీద కూడ ఏమరియే యుండును. అక్కడ క్రిందనుండువాడు మరియొక బీదవాడు.

మన సాధువుల నడకను చిన్ననాటినుండి చూచుచున్నాము. ముందర నాలుగు మూరల నేల చూచి అడుగు వేయుదురు. దానిని ఈర్యాసమితి యందురు. వర్షాకాలమున నేలయంతయు చిన్నప్రాణులతో నిండునని చాతుర్మాస్యము నాలుగు నెలలు ఒక్క ఊరనే నిలిచిపోవుదురు. చిన్నప్పుడు నేను దీనిని విశ్రాంతి యనుకొనెడివాడను. ఎనిమిది నెలలు నడచినవారు నాలుగు నెలలు కూర్చుందురనుకొంటిని. ఇప్పుడు తోచుచున్నది, నిలుచుట కూడ నడకలో భాగమే; నేల కాదన్నప్పుడు అడుగు వేయకుండుట వారి నడకలోని కష్టమైన భాగము. పోవలసిన ఊరిలో సంఘమువారు ఎదురుచూచుచున్నారనియు, ఉత్సవమునకు తేదీ అచ్చువేసితిమనియు చెప్పి ఏ సాధువును మనము ఆషాఢ పూర్ణిమ దాటి నడిపింపలేదు. అడుగుటకైనను మనకు సిగ్గు. ఆ సిగ్గు మావాని స్నేహితుల గుడారములో ఉండవలసినది.

ఈ మాటలు భాద్రపదములో, పర్యూషణకు వాడు వచ్చినప్పుడు వానితో అంటిని. క్షమాపణ దినమున మనము ఒకరినొకరము మన్నింపు కోరుదుము. ఎక్కువభాగము మన్నింపు అవసరము లేనివారినే కోరుదుము. వాడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట తాను శ్రావణములో ఉత్తరాఖండము పోయివచ్చితినని చెప్పెను. ఆ మనిషి ఇంటికి పోయినాడట. కాలికి లోపల కడ్డీ వేసిరట. నడచుచున్నాడు గాని మూట ఎత్తలేడు. వాడు ఆయనను మన్నింపు కోరగా, ఆయన కోపపడలేదట. "ఆ రోజు నా మాట మీకు వినబడలేదు బాబూ, గాలి ఎక్కువ" అన్నాడట. "గాలి లేదు మావయ్యా ఆ రోజు. ఆకు కదలలేదు" అని మావాడు చెప్పి కండ్లు తుడుచుకొనెను.

నేను పటము తీసివేయుదునంటిని. "ఉండనీ మావయ్యా, తీసేస్తే ఎందుకు తీసేశావని అమ్మ అడుగుద్ది" అనెను. ఇంకను అచ్చటనే ఉన్నది. ఎవరైన అడిగినచో ఇప్పుడు ఆ కొండమనిషి కథ కూడ చెప్పుచున్నాను. కొందరు బేరము మధ్యలో ఇదేమి కథ యని విసుగుకొందురు.

ఈ మాఘమున వాడు మరల పోవుచున్నాడు. ఆ మనిషి తమ్ముని కుమారుడు వెంట వచ్చునట. కదలని దినమునకు కూడ కూలి ఇచ్చుటకును, నలుగురికున్న పరికరములే అయిదవవానికిని కొనుటకును, ఆగుదమని అయిదుగురిలో ఎవరన్నను ఆగుటకును ముందే ఒప్పుకొనిరట. బీకనుకు డబ్బు నేనిచ్చితిని. పొమ్మంటినో వలదంటినో నాకే తెలియదు. డబ్బిచ్చుట కూడ చేయించుటయే గదా యని రాత్రులు తోచుచున్నది. మా అప్ప ప్రతిదినము సాయంకాలము కొట్టుకు ఫోను చేసి, "తిరుగు టిక్కెట్టు ఏ రోజుకు తీసుకున్నాడో కనుక్కున్నావా?" అని అడుగుచున్నది. ఇంకను కనుగొనలేదని చెప్పుచున్నాను. వాడీమారు తిరుగు టిక్కెట్టు కొననే లేదు.